మొహర్ లేని సర్కారు

రబ్బరు కాలితే ఎంత నల్లటి పొగ వస్తుందో మా ఆఫీసులో అందరికంటే నాకే బాగా తెలుసు. ఎందుకంటే ఆ మంటలో రబ్బరు వేసింది నేనే.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజు పొద్దుటి సంగతి ఇది. పాతబస్తీలో మాది చిన్న రెవెన్యూ ఆఫీసు. కులం, ఆదాయం, నివాసం, ఏ ధ్రువపత్రం కావాలన్నా జనం మా మెట్లే ఎక్కాలి. అప్పటికి ఇరవై రెండేళ్లుగా నేను ఆ ఆఫీసులోనే ఉన్నాను. సీళ్లుండే బీరువా తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉండేది. ఆ తాళంచెవి వల్ల నాకు కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ పొద్దున జెండా ఎగరేశాం, జిలేబీలు పంచుకున్నాం. తర్వాత ఆడవాళ్లమంతా బతుకమ్మ ఆడదామన్నాం. తంగేడు లేదు, గునుగు లేదు, అది ఆ కాలమూ కాదు. గేటు దగ్గర పూలమ్మే ఆమెను అడిగి బంతిపూలు తెచ్చి, ఫైళ్లు పెట్టుకునే ట్రేలో పేర్చి, దాని చుట్టే తిరిగాం. ట్రే బతుకమ్మ ఎక్కడా చూడలేదని మా అటెండరు పడీపడీ నవ్వాడు. కాసేపటికి అతనూ చప్పట్లు కొట్టాడు. తహసీల్దారు సారు పరేడు డ్యూటీకి వెళ్లారు, కాబట్టి మమ్మల్ని ఆపేవాళ్లు లేరు.

అంతలో ఎవరో పాత బోర్డు దించారు. ఇంకెవరో పాత పేరున్న లెటర్‌హెడ్‌ల కట్టలు తెచ్చారు. హోలీకి ముందు మా ఛత్రినాకలో కాముణ్ని కాల్చడానికి ఇంటింటికీ తిరిగి కట్టెలు పోగుచేస్తారు. ఆఫీసు వెనక ఖాళీ జాగాలో సరిగ్గా అదే మొదలైంది, అందరూ ఏదో ఒకటి తెచ్చి మంటలో వేస్తున్నారు. నాకు ఒళ్లు పొంగిపోయింది. చిన్నప్పటి నుంచి విన్న మాట, ఎన్నో ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచిన మాట నిజమైన రోజు అది. అందరూ వేస్తుంటే నేను చూస్తూ నిలబడాలా? బీరువా తీసి సీళ్ల పెట్టె తెచ్చి, మొత్తం పదకొండు సీళ్లూ ఒక్కొక్కటిగా మంటలో వేశాను. గుండ్రటి ఆఫీసు సీలు అన్నిటికంటే చివర వేశాను. వేస్తూ పాట కూడా పాడాను.

రూలు తెలియక చేసిన పని కాదు. పాత సీలును పక్కన పెట్టాలంటే ఒక పద్ధతి ఉంది. కాగితం మీద దాన్ని చివరిసారి వేయాలి. ఆఫీసరు ఎదుట దాని ముఖం మీద బ్లేడుతో గాటు పెట్టాలి. మెమోరాండం రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఆ పని నా చేతులతోనే మూడుసార్లు చేశాను. ఆ రోజు మాత్రం రూలూ గుర్తు రాలేదు, పద్ధతీ గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి అసలు తమాషా మొదలైంది. అన్నదమ్ములు వేరుపడిన ఇంట్లో మొదటి వారం ఎలా ఉంటుంది? పప్పుంటే గరిటె ఉండదు, గరిటె దొరికితే పొయ్యి ఎవరిదో తెలియదు. మా కొత్త సర్కారు సంసారం అచ్చం అలాగే ఉంది. ఏ ఆఫీసరు ఎటు పోతాడో తేలలేదు కాబట్టి మా సారుకు పక్క ఆఫీసు కూడా అప్పగించారు. ఆయన పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ. కంప్యూటర్లు పాత పేరే చూపిస్తున్నాయి, అవి మారేదాకా ధ్రువపత్రాలు చేత్తో రాసి సంతకం, సీలు వేసి ఇవ్వమన్నారు. బోర్డు రాయించుకుందామంటే పెయింటరు దొరకడు, ఊళ్లో బోర్డులన్నీ ఒకేసారి మారుతున్నాయి. ఫోన్లో ఎవరు మాట్లాడినా పాత పేరు సగం దాకా అనేసి, నాలిక్కరుచుకుని కొత్త పేరు చెప్పేవాళ్లు. ఇంత గందరగోళంలోనూ నాకు అలసట అనేదే తెలియలేదు. కుర్చీ విరిగితే మా కుర్చీ విరిగిందనిపించేది, ఫ్యాను తిరగకపోతే మా ఫ్యాను తిరగలేదనిపించేది. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ రాని ఆలోచన అది.

కొత్త సీళ్ల కోసం పైకి రాశాను. నాలుగో రోజున పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అన్ని ఆఫీసులకూ కలిపి ఒకేసారి చేయిస్తున్నారు, టైము పడుతుంది, అందాకా పాత సీలే వేసి, పాత పేరు మీద పెన్నుతో గీత కొట్టి, కొత్త పేరు రాసి ఆఫీసరు చేత చిన్న సంతకం పెట్టించండి అన్నారు. ఎంత తెలివైన ఏర్పాటు! ప్రతి ఆఫీసులో అది సాగిపోతుంది, మా ఆఫీసులో తప్ప. ఫోను పెట్టేసి అటెండరు వైపు చూశాను.

“మేడం, గిప్పుడెట్ల?” అన్నాడు.

సారుకు చెప్పే ధైర్యం నాకు లేదు. వచ్చిన దరఖాస్తులన్నీ తీసుకుని, వారం ఆగి రమ్మని అందరికీ నవ్వుతూ చెప్పాను. ఆ నవ్వు ఒక్కరోజే పనిచేసింది.

ఐదో రోజు పదకొండు గంటలకు మా గల్లీలో పాలు పోసే ఆమె కూతురితో కలిసి వచ్చింది. ఛత్రినాకలో నాలుగు తరాలుగా వాళ్లది బర్రెల ఇల్లు. మా ఇంటికి పాలు వాళ్లే పోస్తారు, మా అమ్మ కాలం నుంచీ అంతే. పిల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఒకసారి వాళ్ల బర్రె పొట్ట ఉబ్బి పడిపోతే డాక్టరు వచ్చేలోపే అది పోయింది. ఆ రోజు నుంచి పశువుల డాక్టరు పని నేర్చుకుంటానని పిల్లది ఒకటే పట్టు. పశువైద్యం డిప్లొమాలో ఇప్పుడు సీటు వచ్చేలా ఉంది. మర్నాడు పదింటికి కాగితాల తనిఖీ, దానికి కొత్త రాష్ట్రం పేరు మీద నివాస ధ్రువపత్రం, గుండ్రటి సీలుతో సహా, కావాలి. లేకపోతే ఆ సీటు వరసలో తర్వాతి వాళ్లకు వెళ్లిపోతుంది.

వారం ఆగి రమ్మని ఈ పిల్లకు ఎలా చెప్పను? అయినా చెప్పాను, వేరే దారి లేక. సీళ్లు ఇంకా రాలేదన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

“నాలుగు తరాల సంది ఈడనే పాలు పోస్తున్నం అక్కా. ఈడోళ్లమే అని కాగితం ఇయ్యనీకి మన సర్కారుకు గింత కష్టమేంది?”

సర్కారుకు కష్టం కాదు, నా వల్ల కష్టం. నాకు సిగ్గేసింది. వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్ల దరఖాస్తు పట్టుకుని పక్క ఆఫీసుకు వెళ్లి సారు ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కరీంనగర్ వైపు మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. పెంచి ఉంటేనే నయం అనిపించింది.

“పదకొండూ?” అన్నాడు.

“పదకొండూ సార్.”

“నేను పరేడ్ల ఎండకు నిలవడి చప్పట్లు కొడుతుంటే, మీరు ఈడ నా ఆఫీసును కాలవెట్టిండ్రు.”

మెమో తర్వాత ఇస్తాను, ముందు సీలు సంగతి చూడండి అన్నాడు. ఆయన పైకి ఫోను చేసి, తాత్కాలికంగా ఒక్క గుండ్రటి సీలు బయట చేయించుకోవడానికి అనుమతి అడిగాడు. అక్కడి వాళ్లు సరే, మీ బాధ్యతే అన్నారు. ఆయన తెల్లకాగితం మీద ఒక ఉత్తరం రాసి సంతకం చేసి నా చేతిలో పెట్టాడు. నేను ఆఫీసుకు వచ్చి తల్లీకూతుళ్లను ఆటోలో ఎక్కించుకుని పత్తర్‌గట్టికి పోనిమ్మన్నాను. వాళ్లను ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలియదు. బెంచీ మీద వదిలి వెళ్లడానికి మనసు ఒప్పలేదు, అంతే.

మా ఆఫీసు సీళ్లు మొదటి నుంచీ చేసింది పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఒక ముసలాయన. మెట్ల కింద ఇరుకు దుకాణం. అక్షరాలు ఒక్కొక్కటిగా పేర్చి, అచ్చు తీసి, రబ్బరును వేడి చేసి నొక్కుతాడు. దారిలో కంప్యూటరు దుకాణాలు రెండు కనిపిస్తే ఆగి అడిగాను. సర్కారు సీలు అనగానే, పోలీసు లొల్లి మాకొద్దని చేతులు ఊపారు. ఈయన మాత్రం ఉత్తరం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, రెండుసార్లు చదివాడు. తిరగేసి వెనక కూడా చూశాడు.

“దీని మీద మొహర్ ఏది?” అన్నాడు. సీలును ఆయన మొహర్ అనే అంటాడు.

మొహర్ లేకనే కదా చాచా మొహర్ కోసం వచ్చాం అన్నాను. ఆయన ఉత్తరం మడిచి నాకే ఇచ్చి, తండ్రి మాట ఎత్తాడు.

“మొహర్ లేని కాగజ్ జూసి సర్కారీ మొహర్ మా అబ్బా ఎప్పుడు చెయ్యలే. నేను చెయ్య.”

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు ఉర్దూ బాగా వస్తుంది. ఇరవై రెండేళ్లుగా నన్ను చూస్తున్నారు, నేను దొంగనా అని అడిగాను. కొత్త రాష్ట్రం, మొదటి సర్కారు, అందరూ సాయం చేయాల్సిన సమయం కదా అన్నాను. ఒక పిల్ల చదువు ఆగిపోతుందన్నాను. నేను అరుస్తున్నంతసేపూ ఆయన చాయ్ తాగుతూ విన్నాడు. నేను ఆగాక వెనక్కి తిరిగి, అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు.

అందులో ఆ దుకాణంలో చేసిన ప్రతి సర్కారు సీలూ ఉంది. సీలు చేయగానే మొదటి ముద్ర ఆ రిజిస్టరులోనే పడుతుంది, పక్కన తీసుకున్నవాళ్ల సంతకం ఉంటుంది. అది ఆ ఇంటి పద్ధతి. ఆయన వేలితో పేజీలు తిప్పి చూపించాడు. నిజాం జమానావి, తర్వాత మిలిటరీ వచ్చినప్పటివి, తర్వాత హైదరాబాద్ రాష్ట్రమైనప్పటివి, తర్వాత ఆంధ్రప్రదేశ్ అయినప్పటివి. ఊదారంగు వెలిసి గోధుమరంగుకు వచ్చింది కొన్నిటికి. ప్రతి కొత్త సర్కారూ మొదటి వారం నీలాగే రొప్పుకుంటూ ఇక్కడికి వచ్చిందని ఆయన నవ్వుతూ చెప్పాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఆ పేజీలను నేనే ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. మేమేదో లోకంలో మొదటిసారి చేస్తున్నాం అనుకున్నాను. ఈ బల్ల ముందు ఇది ఐదోసారి.

ఒక పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. పాత సర్కారు పోయి కొత్తది వచ్చిన రోజుల్లో ఒక ఆఫీసరు ఇలాగే మొహర్ లేని కాగితంతో మనిషిని పంపాడట. ఈయన తండ్రి ఒప్పుకోలేదు. అప్పుడు ఆ ఆఫీసరే స్వయంగా వచ్చి, సీలు తయారయ్యేదాకా స్టూలు మీద కూర్చుని, తన చేత్తో తీసుకెళ్లాడట. ఆ ముద్ర పక్కన రెండు సంతకాలున్నాయి. రెండోది గవాహీ, అంటే సాక్షి సంతకం.

“సాబ్‌కో బులావ్,” అన్నాడు.

సారుకు ఫోను చేశాను. రాడేమో అనుకున్నాను. అరగంటలో ఎవరిదో స్కూటరు వెనక కూర్చుని వచ్చాడు, చంకలో ఫైలు పెట్టుకుని. ఆ ఫైల్లో ఈ పిల్ల ధ్రువపత్రం రాసి, సంతకం చేసి ఉంది. నేను అరుస్తుంటే ఆయన పని చేసుకుంటూ ఉన్నాడన్న మాట.

ముసలాయన సారును స్టూలు మీద కూర్చోబెట్టి గుర్తింపు కార్డు అడిగాడు. సారు తీసి ఇచ్చాడు. ఆయన చూసి బల్ల మీద పెట్టాడు.

“ఇది గూడ పోయిన సర్కారుదే గద సాబ్.”

నిజమే. కార్డు మీద పాత పేరే ఉంది. సారు జేబులో ఉన్న ప్రతి కాగితం మీదా అదే ఉంది. ఆయన ఉద్యోగంలో చేరిన ఆర్డరూ ఆ సర్కారే ఇచ్చింది. ఇంత పెద్ద చదువు చదివి, రెండు ఆఫీసులు చూసుకుంటున్న మనిషి ఆ స్టూలు మీద తానెవరో చూపించుకోలేక నా వైపు చూశాడు. నేను ముందుకు వచ్చి, సాక్షి సంతకం నేను చేస్తానన్నాను. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. నువ్వూ సర్కారు నౌకరువే, సర్కారుకు సర్కారు సాక్ష్యం చెల్లదు అన్నాడు. అడ్డుపడాలని అన్న మాట కాదది. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది, తండ్రి పద్ధతి తప్పడం ఆయన వల్ల కాదు.

అప్పుడు మెట్ల మీద కూర్చున్న పాలామె లేచింది.

“నేను చెప్త,” అంది. “ఈయన మా సారే.”

ముసలాయన ఆమె వైపు తిరిగాడు. నీకెలా తెలుసు అని అడిగాడు.

“పోయిన ఎండకాలం మా గల్లీకి నీళ్లు రాక లొల్లి జేస్తే ఈ సారే వచ్చి ట్యాంకరు వచ్చేదాంక నిలవడ్డడు. నా బర్రెలు గూడ ఆ నీళ్లే తాగినయి. సర్కారు ఎవరని అడిగితే నేను ఈయన్నే సూపెడ్త.”

సారు తల దించుకున్నాడు. ముసలాయన కళ్లద్దాలు సర్దుకుని అక్షరాల గళ్ల పెట్టె ముందుకు లాక్కున్నాడు.

సీలు తయారవడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ సారు స్టూలు మీద నుంచి కదల్లేదు. ఫోన్లు వస్తుంటే, పనిలో ఉన్నానని చెప్పి పెట్టేశాడు. పిల్ల నా పక్కన నిలబడి, అక్షరాలు తిరగేసి పేర్చడం కన్నార్పకుండా చూసింది. మధ్యలో చాయ్‌లు వచ్చాయి. వేడిగా ఉన్న రబ్బరును అచ్చు నుంచి ఊడదీసి, చుట్టూ కత్తిరించి, కర్రపిడికి అతికించి, ఆరాక ముసలాయన దాన్ని సిరా ప్యాడు మీద అద్ది రిజిస్టరులో నొక్కాడు. పైకి తీయగానే మా కొత్త రాష్ట్రం పేరు, మా ఆఫీసు పేరు గుండ్రంగా, చిక్కటి ఊదారంగులో కనిపించాయి. ఏడుపు, నవ్వు రెండూ కలిసి వచ్చాయి నాకు. ఇన్నాళ్లూ అరిచిన పేరును ముద్రలో చూడడం అదే మొదటిసారి.

సారు సంతకం చేశాడు. ముసలాయన రిజిస్టరును పాలామె వైపు తిప్పాడు. ఆమెకు సంతకం రాదు. బొటనవేలు ప్యాడు మీద అద్ది, మా కొత్త రాష్ట్రం పేరు పక్కన గట్టిగా నొక్కింది. ఆ బల్ల మీదే సారు ఫైలు తీసి పిల్ల ధ్రువపత్రం మీద సీలు వేశాడు. సిరా చెదరకుండా పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ నడిచింది, చార్మినార్ దగ్గర ఆటో దొరికేదాకా.

ఆ పిల్లకు సీటు వచ్చింది. నాకు మెమో వచ్చింది. సీలు చేయించిన రోజు సాయంత్రమే, ఆ సీలుతోనే. సీలు బాగా పడిందో లేదో చూసుకుని, చాలా సంతోషంగా అందుకున్నానని రాసిచ్చాను. సారు ఆ మాట కొట్టేయించి, అందుకున్నాను అని మాత్రమే రాయించాడు. మర్నాడు పొద్దున పాలు పోస్తున్నప్పుడు ఆమె బొటనవేలు ఇంకా ఊదారంగులోనే ఉంది. సబ్బుతో తోమినా పోలేదక్కా అని నవ్వింది.

బోనాల ముందు వారం పై ఆఫీసు నుంచి కొత్త సీళ్లు వచ్చాయి, పన్నెండు, చెక్కపెట్టెలో. ఇక తాత్కాలిక సీలు పని అయిపోయింది. ఈసారి పద్ధతి తప్పే ఆలోచన నాకు లేదు. కాగితం, ప్యాడు, బ్లేడు, మెమోరాండం అన్నీ సారు బల్ల మీద వరసగా పెట్టాను. సీలును చివరిసారి కాగితం మీద వేశాను. ముద్ర చక్కగా పడింది. తర్వాత బ్లేడు తీసుకున్నాను, కానీ చెయ్యి కదల్లేదు. పదకొండు సీళ్లను పాట పాడుకుంటూ కాల్చిన చెయ్యి అది.

“మేడం, నేను జెయ్యనా?” అన్నాడు సారు.

వద్దు సార్ అన్నాను. గాటు నేనే పెట్టాను, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. పెడుతూ ఏడ్చాను. అటెండరు చూశాడు, సారు చూశాడు, దాచుకోలేదు.

ఇప్పటికీ పత్తర్‌గట్టి వైపు పనిబడితే ఆ మెట్ల కింది దుకాణం దగ్గర ఆగుతాను. ముసలాయన ఏమీ అడగకుండానే రిజిస్టరు తీసి ఆ పేజీ తెరుస్తాడు. మా సీలు ముద్ర కొంచెం వెలిసింది. పక్కనున్న బొటనవేలి గీతలు మాత్రం ఒక్కటి కూడా చెదరలేదు.